పది ప్లాట్‌ఫారాల దూరంలో పిడుగు: హిజ్లీలో వాన రోజుల గుడారం

మొదటి రాత్రి గడిచి తెల్లారేసరికి మా అన్నయ్య దుప్పటి తడిసిపోయి ఉంది. గుడారం లోపలి గోడల మీద నీటి బొట్లు వరుసలు కట్టాయి. "చూశావా, మొదటి రాత్రికే కారిపోయింది. డబ్బులు దండగ" అని విసుక్కున్నాడు. ఆ గుడారాన్ని ఎంపిక చేసింది నేనే కాబట్టి మాట నాకే తగిలింది. ఇంతలో నా మేనకోడలు బయటికి పరుగెత్తి, ముందు రోజు సాయంత్రం తోటలో తను పెట్టిన ప్లాస్టిక్ డబ్బా చూసి వచ్చింది.

"అత్తా, డబ్బాలో చుక్క నీరు లేదు. రాత్రి వానే పడలేదు!"

మరి ఆ నీళ్లు ఎక్కడివి?

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణాన్ని ఆనుకుని ఉన్న హిజ్లీ మాకు చుట్టాల ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్ర కుటుంబాలు పని కోసం ఖరగ్‌పూర్ వెళ్లి అక్కడే స్థిరపడ్డాయి. మా తాతయ్య అలా వెళ్లినవారే. పెదనాన్న అక్కడి వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. జూలైలో శని, ఆదివారాలకు ఒక సోమవారం సెలవు కలిసొస్తే, అన్నయ్య కుటుంబంతో పాటు నేనూ వెళ్లాను. "వానాకాలంలో గుడారం ఏమిటే, ఇల్లు లేదా?" అని పెద్దమ్మ అంది. పిల్లలకు కావలసింది సరిగ్గా ఆ వానే.

గుడారం వేసింది పెదనాన్న స్నేహితుడి జీడిమామిడి తోటలో. పక్కన వరి పొలాలు, వాటికవతల సాల్ అడవి. సాల్ అంటే మన గుగ్గిలం చెట్టు. అడవిలోకి వెళ్లలేదు. అనుమతి లేకుండా అక్కడ మకాం వేయకూడదు. పైగా దళ్మా కొండల వైపు నుంచి ఏనుగుల గుంపులు ఈ జిల్లా అడవుల్లోకి వస్తుంటాయి. నేను పెట్టిన షరతు ఒక్కటే: గుడారం నుంచి రెండు నిమిషాల నడకలో స్లాబు వేసిన పక్కా గది ఉండాలి. తోటలో అలాంటి గది ఉంది. ఆ షరతు ఎందుకో ఆదివారం మధ్యాహ్నం అందరికీ అర్థమైంది. దాని సంగతి తర్వాత.

(హిజ్లీలో 'క్యాంపు' అన్న మాటకు ఇంకో బరువు ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం స్వాతంత్ర్య సమరయోధులను ఇక్కడి నిర్బంధ శిబిరంలో ఉంచింది. 1931 సెప్టెంబరు 16న అక్కడ పోలీసులు కాల్పులు జరిపి సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తాలను చంపారు. 1951లో అదే భవనంలో దేశపు మొదటి ఐఐటీ మొదలైంది. ఇప్పుడు అక్కడ నెహ్రూ పేరిట సైన్సు మ్యూజియం ఉంది. హిజ్లీ వెళ్లినవారు చూడాల్సిన చోటు.)

కారింది గుడారం కాదు, ఊపిరి

నిద్రలో కూడా మనం నీటిని వదులుతూనే ఉంటాం. ఒక మనిషి రాత్రంతా ఊపిరి ద్వారా, చర్మం ద్వారా సుమారు పావు లీటరు నుంచి అర లీటరు దాకా నీటిని ఆవిరిగా గాలిలోకి పంపుతాడు. ఆ రాత్రి గుడారంలో పడుకున్నది నలుగురం. అంటే లీటరు పైమాటే. ఆ ఆవిరి ఎక్కడ ఉండాలి? మా గుడారంలో గాలి మహా అయితే ఐదు ఘనపు మీటర్లు. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక ఘనపు మీటరు గాలి పట్టుకోగలిగే నీటి ఆవిరి సుమారు 23 గ్రాములు. ఐదు ఘనపు మీటర్లకు 115 గ్రాములు. మిగిలినది బయటికైనా పోవాలి, నీరుగానైనా మారాలి.

బయటికి పోయే దారి లేదు. వాన వస్తుందేమోనని అన్నయ్య పడుకునే ముందు గాలి కిటికీల జిప్పులన్నీ లాగేశాడు.

ఇంకో సంగతి కూడా తోడైంది. ఆ రాత్రి మబ్బు లేదు, నక్షత్రాలు కనిపించాయి. మబ్బులేని రాత్రి గుడారం బట్ట తన వేడిని ఆకాశం వైపు వదిలేసి, చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లబడుతుంది. గాలిలోని ఆవిరి ఏ ఉష్ణోగ్రత దగ్గర నీరుగా మారడం మొదలవుతుందో దాన్ని తుషార స్థానం అంటారు. జూలైలో బెంగాల్ తీర ప్రాంతంలో అది తరచుగా 25 డిగ్రీల చుట్టూ ఉంటుంది. అంటే బట్ట కాస్త చల్లబడితే చాలు, చల్లటి మజ్జిగ గ్లాసు మీద చెమ్మ పట్టినట్టు లోపలి గోడ తడిసిపోతుంది. అన్నయ్య దుప్పటి ఆ గోడకు ఆనుకుని ఉంది.

కారడానికీ చెమ్మకీ తేడా కనిపెట్టడం కష్టం కాదు. కారితే కుట్ల దగ్గరో, మూలలోనో, ఒక చోట తడుస్తుంది. చెమ్మ అయితే గోడంతా ఒకేలా తడుస్తుంది. మందు కూడా తేలికే: వాన పడుతున్నా పైన, కింద గాలి కిటికీలు కొంచెం తెరిచి ఉంచాలి. తడి బట్టలు లోపల ఆరేయకూడదు. పక్కలు గోడకు జానెడు దూరంలో వేసుకోవాలి. బెంగాల్ జూలైలో చెమ్మను పూర్తిగా తప్పించుకోలేం కానీ, రెండో రాత్రి దుప్పట్లు పొడిగానే ఉన్నాయి.

ఇదంతా విని పెదనాన్న, "మా నాన్న లైను పనికి వెళ్లినప్పుడు కాన్వాసు డేరాల్లో ఉండేవారు. వాన పడుతుంటే లోపలి నుంచి గోడ ముట్టుకోవద్దని చెప్పేవారు" అన్నారు. అదీ నిజమే. నూలు కాన్వాసు తడిస్తే పోగులు ఉబ్బి సందులు చిన్నవవుతాయి. మిగిలిన సందుల్లో నీటిని తలతన్యత ఆపి ఉంచుతుంది. వేలు పెడితే ఆ పొర తెగి, నీరు వేలి వెంట లోపలికి దారి చేసుకుంటుంది. పైపూత ఉన్న ఇప్పటి నైలాన్, పాలిస్టర్ గుడారాలకు ఈ భయం తక్కువ.

డబ్బాలో వాన, పళ్లెంలో చినుకు

శనివారం పదకొండు గంటలకు మొదటి చినుకులు పడ్డాయి. అంతకు ముందు నాలుగు రోజులు అక్కడ వాన లేదట. ఎర్ర మట్టి మీద సన్నని జల్లు పడగానే వాసన లేచింది. ఈ వాసనకు పెట్రికోర్ అని పేరు పెట్టినవారు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్, 1964లో. కానీ ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో అంతకు చాలా ముందు నుంచే ఈ మట్టి వాసనను అత్తరుగా సీసాల్లో పడుతున్నారు. వాసనలో ముఖ్యమైన భాగం జియోస్మిన్ అనే పదార్థం. మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియా దాన్ని తయారుచేస్తాయి. లక్ష కోట్ల భాగాల్లో ఐదారు భాగాలున్నా మన ముక్కు పసిగడుతుంది.

"మరి పెద్ద వానలో ఈ వాసన ఎందుకు రాదు?" అని మేనల్లుడు అడిగాడు. మంచి ప్రశ్న. 2015లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు అతివేగంగా ఫొటోలు తీసే కెమెరాతో చినుకు నేలను తాకడాన్ని చిత్రీకరించారు. సందులున్న నేల మీద చినుకు పడినప్పుడు దాని కింద చిన్న చిన్న గాలి బుడగలు చిక్కుకుంటాయి. అవి సోడాలో బుడగల్లా పైకి వచ్చి పగులుతూ, మట్టిలోని పదార్థాలను సన్నని తుంపరగా గాలిలోకి చిమ్ముతాయి. సన్నని, మోస్తరు వానల్లో ఈ తుంపర బాగా లేస్తుంది. జోరు వానలో చాలా తక్కువ.

తర్వాత పళ్లెం ప్రయోగం చేశాం. ఇది ఎవరైనా చేయవచ్చు. వెడల్పాటి పళ్లెంలో మైదా పిండిని వేలు మందాన పరిచి, పైన చదును చేయండి. మూత పెట్టి వానలోకి తీసుకెళ్లి, మూడు నాలుగు సెకన్లు మాత్రం మూత తీసి మళ్లీ పెట్టండి. కాసేపు ఆగి పిండిని జల్లెడ పడితే చినుకు ఒక్కోటీ ఒక్కో పిండి గుళికగా మిగులుతుంది. గుళిక సైజు దాదాపు చినుకు సైజే. అమెరికాలో వెర్మాంట్ రైతు విల్సన్ బెంట్లీ ఈ పద్ధతితో చినుకులను కొలిచి 1904లో ప్రచురించాడు. మంచు రేణువుల ఫొటోలతో పేరు పొందినది ఆయనే.

శనివారం జల్లులో మా గుళికలు ఎక్కువగా ఆవగింజంత, ఇంకా చిన్నవి. ఆదివారం వానలో పెసర గింజంతవి వచ్చాయి. తేడా చూడ్డానికి చిన్నదే కానీ లెక్క వేస్తే కాదు. ఒక మిల్లీమీటరు చినుకు సెకనుకు సుమారు 4 మీటర్ల వేగంతో పడుతుంది. నాలుగు మిల్లీమీటర్ల చినుకు దాదాపు 9 మీటర్ల వేగంతో పడుతుంది. బరువు 64 రెట్లు, వేగం రెట్టింపు పైన. గతిజ శక్తి సుమారు 300 రెట్లు. జోరు వానలో చెంపలు చురుక్కుమనేది అందుకే.

గాలి అడ్డుకుని చినుకును ఒక చరమ వేగం దగ్గర ఆపుతుంది కాబట్టి ఈ మాత్రంతో సరిపోయింది. గాలే లేకపోతే రెండు కిలోమీటర్ల ఎత్తు నుంచి పడే చినుకు గంటకు 700 కిలోమీటర్లు దాటిన వేగంతో నెత్తిన పడేది. అన్నట్టు, బొమ్మల్లో గీసినట్టు చినుకుకు పైన తోక ఉండదు. చిన్న చినుకు గుండ్రంగా ఉంటుంది. పెద్దది గాలి ఒత్తిడికి అడుగు చదునై బన్ను ఆకారంలోకి వస్తుంది. ఐదారు మిల్లీమీటర్లు దాటితే ముక్కలైపోతుంది.

ఆ పెద్ద చినుకులు హిజ్లీ నేలను ఏం చేస్తాయో గుడారం గోడే చూపించింది. అడుగు నుంచి మోకాలెత్తు దాకా ఎర్ర మట్టి చిందింది. ఇక్కడి నేల లాటరైట్. పైన ఎర్ర గులకరాయి, చాలాచోట్ల కింద గట్టి పొర. వాన ఇంకే లోపు పారిపోతుంది, పారుతూ మట్టిని కోసుకుపోతుంది. ఇదే జిల్లాలో గడ్‌బేతా దగ్గర శిలావతి నది ఒడ్డున గంగానీ అనే చోట వాన నీరు లాటరైట్‌ను కోసి లోయలే చేసింది. అందుకే గుడారం వేసే ముందు నేల మీద పాత నీటి చారలు చూడాలి. గులక పక్కకు తోసుకుపోయి సన్నటి మట్టి మేట వేసిన చోటు ఎంత మెత్తగా ఉన్నా వద్దు. అది వాగు దారి.

వాన ఎటు నుంచి వచ్చింది

శనివారం దాకా లేని వాన ఆదివారానికి ఎందుకు ముసిరింది? వార్తల్లో వినే 'రుతుపవన ద్రోణి' ఇక్కడ కళ్ల ముందు కనిపిస్తుంది. వానాకాలంలో రాజస్థాన్ నుంచి బంగాళాఖాతం ఉత్తర కొస దాకా ఒక పొడవాటి అల్పపీడన మడత ఏర్పడుతుంది. దాని తూర్పు కొస ఖరగ్‌పూర్ ప్రాంతంలోకి వస్తుంది. ద్రోణి హిమాలయాల పాదాల వైపు జరిగితే ఇక్కడ వాన ఆగుతుంది. తిరిగి కిందికి వచ్చి, బంగాళాఖాతంలో అల్పపీడనం కూడా తోడైతే ముసురే.

ఈ ద్రోణిలో నేలకు దగ్గరగా ఉండే గాలి పొర ఎలా ప్రవర్తిస్తుందో తెలుసుకోవడానికి మన శాస్త్రవేత్తలు 1990లో మాంట్‌బ్లెక్స్ అనే పెద్ద ప్రయోగం చేశారు. జోధ్‌పూర్, ఢిల్లీ, వారణాసి, ఖరగ్‌పూర్, ఈ నాలుగు చోట్ల 30 మీటర్ల స్తంభాలు నిలబెట్టి గాలి వేగం, ఉష్ణోగ్రత, తేమ కొలిచారు. జోధ్‌పూర్ ద్రోణికి ఎండు కొస, ఖరగ్‌పూర్ తడి కొస. మా మేనకోడలి ప్లాస్టిక్ డబ్బా ఉన్నది ఆ తడి కొసలోనే అని చెప్పాక, డబ్బా పక్కన గాలి దిశ చూడ్డానికి ఒక కర్రకు రిబ్బను కూడా కట్టింది.

పది ప్లాట్‌ఫారాలు

ముసురు వేరు, ఉరుముల వాన వేరు. వాన రోజుల్ని బయట గడపాలనుకునే కుటుంబం నేర్చుకోవాల్సిన మొదటి తేడా ఇదే. పరుచుకున్న బూడిద మబ్బు నుంచి గంటల తరబడి పడే వానలో తడవండి, ఆడండి, ఏమీ కాదు. గోపురంలా పైకి పెరిగిన క్యుములోనింబస్ మబ్బు సంగతి అలా కాదు. ఖరగ్‌పూర్ వాళ్లకు ఇది బాగా తెలుసు. మార్చి నుంచి మే వరకు మధ్యాహ్నాలు ఛోటా నాగ్‌పూర్ పీఠభూమి మీద పుట్టి సాయంత్రానికి ఇటు వచ్చిపడే 'కాలబైశాఖి' గాలివానలు వాళ్ల దారిలోనే వెళ్తాయి. కానీ పిడుగులు కాలబైశాఖితో ఆగవు, వానాకాలంలోనూ పడతాయి. జాతీయ నేర గణాంకాల ప్రకారం మన దేశంలో పిడుగుపాటుకు ఏటా రెండున్నర వేల మందికి పైగా చనిపోతున్నారు.

మెరుపు మనకు తక్షణమే కనిపిస్తుంది. ఉరుము సెకనుకు సుమారు 345 మీటర్ల చొప్పున నడిచి వస్తుంది. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. పిల్లలకు కిలోమీటరు అంటే పట్టుబడదు. పెదనాన్న ఇచ్చిన కొలత పట్టుబడింది. ఖరగ్‌పూర్ స్టేషన్ ప్లాట్‌ఫారం పొడవు 1072.5 మీటర్లు. ప్రపంచంలోకెల్లా పొడవైనదని ఒకప్పుడు క్విజ్ పుస్తకాల్లో ఉండేది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దాన్ని దాటిపోయాయి. ఈ చివర అరిస్తే ఆ చివరకు శబ్దం చేరడానికి మూడు సెకన్లు. కాబట్టి మెరుపు నుంచి ఉరుము దాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే, పిడుగు ఎన్ని ప్లాట్‌ఫారాల దూరంలో ఉందో తెలుస్తుంది.

నియమం ఇది: 30 సెకన్లు, అంటే పది ప్లాట్‌ఫారాల కన్నా దగ్గరైతే వెంటనే పక్కా ఇంట్లోకి వెళ్లాలి. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు బయటికి రాకూడదు.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి పడమర నల్లబడింది. వాన ఇంకా లేదు. చల్లగాలి మాత్రం లేచింది, రిబ్బను అటు తిరిగి ఇటు తిరిగింది. ఒక మెరుపు. పిల్లలు లెక్క మొదలెట్టారు. ఇరవై నాలుగు. "ఎనిమిది ప్లాట్‌ఫారాలు!" అని గట్టిగా అరిచాడు మేనల్లుడు. నేను లేచి చెప్పులు వేసుకున్నాను. అన్నయ్య కదల్లేదు. "వానే రాలేదు కదా, పకోడీలు తినేసి వెళ్దాం" అన్నాడు.

చాలామంది ఇక్కడే పొరబడతారు. పిడుగు వాన ఉన్న చోటే పడాలని లేదు. మబ్బు అంచు నుంచి పది కిలోమీటర్ల దూరంలో, నెత్తిన నీలాకాశం ఉన్న చోట కూడా పడగలదు. గుడారం దాన్ని ఏ మాత్రం ఆపదు. లోహపు కడ్డీలు ఉన్నా ఆపదు. చెట్టు కింద నిలబడటం ఇంకా ప్రమాదం. చెట్టు మీద పడిన విద్యుత్తు పక్కనున్న మనిషి మీదకు దూకుతుంది, వేళ్ల చుట్టూ నేలలోనూ పాకుతుంది. నేల మీద ఎడంగా ఉన్న రెండు కాళ్ల మధ్య వోల్టేజీ తేడా చాలు ప్రాణం తీయడానికి. పైకప్పు, తలుపులు లోహంతో ఉన్న కారు పక్కా ఇంటి తర్వాత మంచి ఆశ్రయం. విద్యుత్తు లోహపు ఒంటి మీదుగా నేలలోకి పోతుంది. అద్దాలు మూసి ఉంచాలి. స్కూటరు, ఆటో పనికిరావు.

పకోడీల గిన్నె నేనే తీసుకుని నడిచాను. గిన్నె వెనక అన్నయ్య వచ్చాడు.

గది గుమ్మంలో నిలబడ్డాక పక్క పొలం కనిపించింది. ఏడెనిమిది మంది ఆడవాళ్లు నడుములు వంచి వరి నాట్లు వేస్తున్నారు, చీలమండల దాకా నీళ్లు. చుట్టూ వాళ్ల కన్నా ఎత్తైనది ఏదీ లేదు. పెదనాన్న గట్టు దాకా వెళ్లి బెంగాలీలో కేకేశారు. ముగ్గురు వచ్చారు. మిగిలినవాళ్లు ఈ మడి అయితేగాని రామన్నారు. రెండో మెరుపుకు ఐదు ప్లాట్‌ఫారాలు, మూడో దానికి మూడు. అప్పుడు అందరూ పరుగెత్తుకొచ్చారు. వరండాలో ఆగిపోబోతుంటే లోపలికి రమ్మన్నాం. వరండా కూడా బయటే. పది ప్లాట్‌ఫారాల నియమం సెలవుకు వచ్చిన మాకు ఒక ఆట. మడి లెక్కన కూలి తీసుకునేవాళ్లకు ఒక్కో గంట డబ్బు. మన దేశంలో పిడుగుపాటుకు చనిపోయేవారిలో ఎక్కువమంది పొలాల్లో పనిచేసేవారే కావడానికి ఇది పెద్ద కారణమని నేననుకుంటాను. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన 'దామిని' యాప్ 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగుల హెచ్చరికలు ఇస్తుంది. నా ఫోన్‌లో అది ముందే మోగింది. పొలంలో ఉన్నవాళ్ల ఫోన్లు గట్టు మీద సంచుల్లో ఉన్నాయి.

కిటికీలకు దూరంగా, కొళాయి ముట్టకుండా, పన్నెండు మందిమి పైగా ఒక గదిలో కూర్చున్నాం. పకోడీలు తలా రెండు వచ్చాయి. ఒక మెరుపుకు లెక్క 'రెండు' అనే లోపే ఉరిమింది. దూరపు ఉరుము గుడగుడమని సాగుతుంది. ఎందుకంటే మెరుపు దారి కిలోమీటర్ల పొడవు, ఒక్కో చోటి నుంచి శబ్దం ఒక్కో సమయంలో చేరుతుంది. దగ్గరిది ఒక్కసారిగా పగిలినట్టు వినిపిస్తుంది. మెరుపు దారిలోని గాలి దాదాపు 30,000 డిగ్రీలకు వేడెక్కి, అంటే సూర్యుడి ఉపరితలం కన్నా ఐదు రెట్లు, పేలినట్టు వ్యాకోచించడమే ఉరుము. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి, ఐదున్నరకు తలుపు తీశాం. వాన అప్పటికి మామూలు ముసురైంది. పిల్లలు అందులో చీకటి పడేదాకా తడిశారు.

రాత్రి ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. వానాకాలంలో కట్లపాము పొడి చోటు వెతుక్కుంటూ నేల మీద పడుకున్నవారి పక్కల్లోకి వస్తుంది. దాని కాటు నొప్పి తెలియకపోవచ్చు. గుడారం జిప్పు ఎప్పుడూ మూసి ఉంచాలి, టార్చి లేకుండా కాలు బయట పెట్టకూడదు, బూట్లు దులిపి వేసుకోవాలి. కాటు అనుమానం వస్తే నేరుగా విషానికి విరుగుడు మందు ఉండే ఆసుపత్రికే.

సోమవారం పొద్దున 8.30కి మేనకోడలు చివరిసారి డబ్బా చూసింది. వాతావరణ శాఖ కూడా రోజు వాన లెక్క చూసేది ఆ వేళకే. నిలువు గోడల డబ్బా కాబట్టి స్కేలు పెడితే చాలు: 43 మిల్లీమీటర్లు. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. మేం వంట దగ్గర కట్టిన బరకం మూడు మీటర్లు, నాలుగు మీటర్లు. దాని మీద పడినది 516 లీటర్లు, అర టన్ను పైన. వాలుగా కట్టకపోతే నడిమధ్యలో నీరు నిలిచి తాళ్లు తెంపేది. "మరి ఇది భారీ వర్షమే కదా?" అని అడిగింది. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితేనే భారీ. 43 అంటే 'మోస్తరు'. ఆ పిల్ల నమ్మలేదు. నోట్‌బుక్‌లో మోస్తరు అని రాసి పక్కన రెండు ప్రశ్నార్థకాలు పెట్టింది.

సాయంత్రం రైలు గంటన్నర ఆలస్యం. పిల్లలు వాళ్ల నాన్నను లాక్కుని ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకు నడిచారు. జనాన్ని, సామాన్లను తప్పించుకుంటూ పదహారు నిమిషాలు పట్టింది. శబ్దానికి మూడు సెకన్లు. వెలుతురుకు ఎంతని రైల్లో లెక్క వేశారు: సెకనులో పది లక్షల వంతు తీసుకుంటే, అలాంటివి మూడున్నర.